దాంపత్యసమయమున వచ్చు తలనొప్పి



నేడు నేను మాటలాడబోవు విషయము రచ్చబండపై చర్చింపదగినది కాదని కొందఱనవచ్చును. నిజమే. కాని రచ్చబండపై చెప్పుకొనరాని బాధలే తుదకు పెద్దల చెవిని బడుచుండును. కుమారుడు తండ్రితో చెప్పడు. మేనమామతో సగము చెప్పి సగము మ్రింగును. కోడలు అత్తగారితో అనదు. పుట్టింటికి పోయినపుడు అమ్మమ్మ చెవిలో నూదును. అటనుండి ఆ మాట మీ యొద్దకు వచ్చును. అప్పుడు మీరేమి చెప్పుదురో దానినిబట్టి ఆ మనిషి వైద్యునియొద్దకు పోవుటయో, మానుటయో జరుగును. అందుచేతనే ఈ ప్రసంగమును యువకులకు గాక మీకు వినిపింప దలచితిని. మీలోను ఈ బాధ నెఱిగినవారు ఉండవచ్చును. వయస్సు మీఱినంతమాత్రమున దాంపత్యము ముగిసిపోదు గదా!

విషయమిది. భార్యాభర్తల సంయోగసమయమున, ముఖ్యముగా సుఖము పరాకాష్ఠ నందుకొను క్షణమున, కొందఱకు తల పగిలిపోవుచున్నదా యనునట్టి నొప్పి పుట్టును. ఇది పలువురిలో నిరపాయకరము. కొందఱిలో మాత్రము మెదడులోని రక్తనాళము చిట్లినదని తెలుపు మొదటి గుర్తు ఇదియే. ఈ రెంటికిని మొదటి గంటలో భేదము పైకి కనబడదు. చిక్కంతయు అక్కడనే యున్నది.

ఈ బాధ నేటిది కాదు. చరకసంహితలో సూత్రస్థానమున 17వ అధ్యాయమందు శిరోరోగములకు కారణములు చెప్పుచు, వేగముల నాపుకొనుట, పగటినిద్ర, రాత్రిజాగరణము, మదము, బిగ్గరగా మాటలాడుట, మంచు, తూర్పుగాలి అనువాని సరసనే అతిమైథునమును గూడ చేర్చియున్నారు. కావున మన పూర్వవైద్యులు ఈ సంబంధమును గమనించిరనుట స్పష్టము. సిగ్గుపడి దాచనూ లేదు. కాని అందలి ‘అతి’ యను మాటను పట్టుకొని, మితిమీఱిన వానికే ఈ నొప్పి వచ్చునని తీర్పు చెప్పుట సరికాదు. నెలకొకమాఱు భార్యను చేరువానికిని ఇది వచ్చును. వీర్యనష్టమువలన తలలోని సారము తఱిగి నొప్పి పుట్టునను మాట మన పల్లెలలో నేటికిని వినవచ్చుచున్నది. దానికి శరీరశాస్త్రమున ఆధారము లేదు. స్త్రీలకును ఈ నొప్పి వచ్చుటయే ఆ మాటను కొట్టివేయుచున్నది.

1976లో ఆస్ట్రేలియా దేశపు నాడీవైద్యుడు జేమ్సు లాన్సు, ఇట్టి నొప్పి గల 21 మంది రోగుల వృత్తాంతములను ఒకచో చేర్చి ప్రకటించెను. నాటినుండి వైద్యులు దీనిని శ్రద్ధగా పరిశీలించుచున్నారు. నొప్పి రెండు విధములుగా వచ్చునని తేలినది. మొదటి విధమున, ఉద్రేకము పెరుగుకొలదిని మెడయందును, తల వెనుకభాగమునను మొద్దునొప్పి మెల్లగా హెచ్చును. మెడకండరములును, దవుడకండరములును బిగిసికొనును. రెండవ విధమున ముందు సూచన యేమియు నుండదు. పరాకాష్ఠ సమయమున ఒక్క పెట్టున, సుత్తితో మోదినట్లు వచ్చి పడును. 2018లో వెలువడిన అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణమున ఈ రెంటిని ఒకే వ్యాధికి రెండు రూపములుగా లెక్కించినారు. తీవ్రమైన నొప్పి ఒక నిమిషము మొదలు 24 గంటల వఱకు నుండవచ్చును. స్వల్పమైన నొప్పి 72 గంటల వఱకు మిగులవచ్చును. సాధారణముగా తల రెండు ప్రక్కలను, వెనుకభాగమునను ఎక్కువగా తోచును.

జీవితకాలమున నూటికి సుమారు ఒకరికి ఇది యెప్పుడో యొకప్పుడు కలుగునని అంచనా. అనగా వేయి గడపల గ్రామమున పదుగురికి తక్కువ కాకుండ ఉండవలెను. పురుషులలో స్త్రీలకంటె హెచ్చు. పార్శ్వపు తలనొప్పి గలవారికి వచ్చుట మఱియు హెచ్చు. ఇది ఏటేట క్రమముగా వచ్చునది కాదు. కొన్ని వారములో, కొన్ని నెలలో వరుసగా వేధించి, కారణమేమియు తెలియకుండగనే మాయమగును. కొందఱకు ఏండ్ల తరువాత మరల వచ్చును. పలువురికి మరల రానే రాదు.

ఇది యేల కలుగునన్న ప్రశ్నకు పూర్తి సమాధానము లేదు. సంయోగసమయమున గుండె వేగము హెచ్చును. రక్తపుపోటు కొన్ని క్షణములు బాగుగా ఎగయును. ఊపిరి బిగబట్టుటచే తలలోని పీడనము పెరుగును. ఆ హెచ్చు పోటునకు తగినట్లు తమ వెడల్పును సవరించుకొనవలసిన మెదడు రక్తనాళములు కొందఱిలో ఆ పని చక్కగా చేయజాలవని పరిశోధకులు తలచుచున్నారు. బరువులెత్తునపుడును, గట్టిగా పరుగెత్తునపుడును ఇట్టి నొప్పియే కొందఱకు వచ్చుట ఈ యూహను బలపఱచుచున్నది. కాలువ తలుపు ఒక్కసారిగా ఎత్తినపుడు పిల్లకాలువ గట్టు అదరుట మీరు చూచియే యుందురు.

ఇక భయపడవలసిన పక్షము. మెదడు అడుగుభాగమున రక్తనాళములు చీలిపోవు చోట్ల, కొందఱికి గోడ పలుచనై బుడగవలె ఉబ్బియుండును. పాత సైకిలు ట్యూబు గాలి కొట్టినపుడు ఒకచోట పొంగివచ్చుట వంటిది. పెద్దవారిలో నూటికి సుమారు 3 మందికి ఇట్టి బుడగ యుండునని పరిశీలనలు తెలుపుచున్నవి. వారిలో మిక్కిలి హెచ్చు మందికి అది జీవితాంతము పగులదు. తమ తలలో నట్టిది కలదని వారికి తెలియనే తెలియదు. పొగ త్రాగుట, హెచ్చు రక్తపుపోటు, రక్తసంబంధులలో ఇద్దఱికి ఈ జబ్బు వచ్చియుండుట, వీనివలన అపాయము పెరుగును. అది పగిలినచో మెదడు చుట్టునున్న పొరల నడుమ రక్తము వ్యాపించును. అట్లు జరిగినవారిలో మువ్వురికి ఒకరు కొన్ని వారములలోనే మరణింతురు; బ్రదికినవారిలో పలువురికి ఏదో యొక లోపము మిగులును.

ఆ బుడగ ఏ పని చేయునపుడు పగులునో నెదర్లాండు దేశమున 250 మంది రోగులను విచారించి 2011లో ప్రకటించిరి. వారి లెక్కలో నూరు పగుళ్లలో సుమారు 4 పగుళ్లకు సంయోగము కారణముగా తేలినది. కాఫీకి సుమారు 10 తేలినవి! మలవిసర్జనకై ముక్కుట, గట్టిగా చీదుట, కోపము, ఉలికిపాటు ఇవియు నా జాబితాలో నున్నవి. ఎవడైనను కాఫీ త్రాగుచు కూలినచో మనము కాఫీని గూర్చి కథలల్లము. భార్య ప్రక్కన కూలినచో మాత్రము ఊరంతయు గుసగుసలు మొదలగును.

నేనెఱిగిన యొక కుటుంబపు సంగతి చెప్పెదను. పేరు, ఊరు అక్కఱలేదు. కాలువక్రింది గ్రామమున ఒక రైతు, వయస్సు 38 సంవత్సరములు, ఒక రాత్రి భార్య ప్రక్కనుండి తల పట్టుకొని లేచి, రెండు మాఱులు వాంతి చేసికొనెను. మఱునాడు ఇంటివారడుగగా ఎండదెబ్బ యని చెప్పెను. అసలు సమయము చెప్పుటకు సిగ్గు. ఆ ఊరి వైద్యము చేయువాడును ఎండదెబ్బకే మందిచ్చెను; అతనికి చెప్పినది అంతే కదా. అమృతాంజనము పూసికొని, శొంఠిపట్టు వేసికొని మూడు దినములు పనికి గూడ పోయెను. నాలుగవ దినమున గట్టుమీద తెలివితప్పి పడెను. ఆస్పత్రికి తెచ్చినపుడు నేను వివరములు విచారింపగా బంధువులందఱు ఎండను గూర్చియే చెప్పిరి. భార్య మాత్రము గుమ్మము నొద్ద నిలిచియుండి, అందఱును కదలిన పిదప, మెల్లగా, “అది పగలు వచ్చినది కాదండీ, రాత్రి వచ్చినది” అని మాత్రమే అనెను. ఆ యొక్క మాటతో నాలుగు దినముల కథ నాకు బోధపడినది. మొదటి రాత్రి కొద్దిగా స్రవించిన బుడగ నాలుగవనాడు రెండవమాఱు పగిలినది. అతడు బ్రదికెను. కాని మాట నేటికిని తడబడును. కుడిచేయి నాగటి మేడిని పట్టజాలదు.

ఆ తరువాత జరిగినది నన్నెక్కువ బాధించినది. కోడలి పాదము మంచిది కాదనియు, ఆమెయే కుమారుని పీల్చివేసినదనియు ఆ యింట మాటలు పుట్టినవి. ఆమెను పుట్టింటికి పంపుటకు పెద్దలను గూర్చిరి. ఆ కూర్పునకు నన్నును పిలిచిరి. నేను ఫిల్మును వెలుతురునకు పట్టి చూపి ఇట్లంటిని: “ఈ ఉబ్బు ఒక్క రాత్రిలో పుట్టినది కాదు. ఈమె మీ గడప త్రొక్కకముందే ఇది మొదలై యుండవచ్చును. ఆ రాత్రి గాకున్న ఏ బస్తా ఎత్తునప్పుడో, ఏ ఉదయము ముక్కునప్పుడో పగిలియుండెడిది. ఆమె నోరు తెఱచి నిజము చెప్పినది గనుకనే మేము సరియైన దారిన పోగలిగితిమి.” ఆ సభలో ఒక వృద్ధుడు లేచి, ఇక ఈ మాట ఎత్తవలదని గట్టిగా పలికెను. ఆమె నేడు ఆ యింటనే యున్నది. వైద్యుని మాటకంటె ఆ వృద్ధుని మాటయే అచట చెల్లినదని నేను చెప్పక తీఱదు.

ఇప్పుడు అడుగవలసిన ప్రశ్న: ఏ నొప్పికి పరుగెత్తవలెను? మొదటి నియమము సులభము. జన్మలో ఎన్నడు నెఱుగనంత తీవ్రమైన నొప్పి, ఒక్క నిమిషములోపల పూర్తి బలమునకు వచ్చినచో, అది సంయోగమున వచ్చినను, దొడ్లో వచ్చినను, ఆ గడియనే ఆస్పత్రికి పోవలెను. దీనిని పిడుగునొప్పి యనవచ్చును. ఇట్టి నొప్పితో ఆస్పత్రికి చేరినవారిలో నూటికి 10 మొదలు 25 మందికి రక్తస్రావము కనబడును. తక్కినవారికి కనబడదు, ఐనను ఇంటియొద్ద కూర్చుండి ఎవరు ఏ గుంపులోనివారో చెప్పగలవారు లేరు. వాంతి, మెడ పట్టివేయుట, తెలివి తగ్గుట, మూర్ఛ, ఒక వస్తువు రెండుగా కనబడుట, కనురెప్ప వ్రాలుట, కాలుసేతులలో పట్టు తగ్గుట, వీనిలో ఏ ఒక్కటి తోడైనను ఆలోచనకు తావులేదు. 2005లో మన రాష్ట్రమున మొదలైన 108 బండి నేడు రెండు తెలుగు రాష్ట్రములలోను తిరుగుచున్నది, దానిని పిలువుడు. తెల్లవాఱనిమ్మని ఆగవలదు. తొలి యొక్క దినములోనే రెండవమాఱు పగులు భయము మిక్కిలి హెచ్చు.

త్వరకు మఱియొక కారణము కలదు. నొప్పి పుట్టిన 6 గంటలలోపల మంచి యంత్రముపై తీసిన సీ.టీ. స్కాను ఇట్టి రక్తమును దాదాపు ఎన్నడును తప్పిపోనీయదు. దినములు గడచినకొలదిని రక్తము పలుచబడి స్కానునందు కనబడదు. అప్పుడు నడుమునుండి వెన్నునీరు తీసి చూడవలసి యుండును. ఆ నీరు నొప్పి పుట్టిన 12 గంటల పిదప పసుపురంగు దాల్చియున్నచో పాత రక్తమున్నదని అర్థము. వెన్నులో సూది పొడిచినచో కాళ్లు పడిపోవునని మన గ్రామములలో భయము కలదు. ఆ సూది వెన్నుపాము ముగిసిన చోటికి క్రిందుగా వేయుదురు గాన ఆ భయము నిరాధారము. బుడగ కనబడినచో తలను తెఱచి దాని మెడకు లోహపు క్లిప్పు పెట్టుటయు, తొడలోని రక్తనాళముద్వారా సన్నని గొట్టము పంపి ప్లాటినపు తీగచుట్టలతో దానిని నింపుటయు అను రెండు మార్గములున్నవి. ఈ రెండవది 1990లో మొదలైనది. మన పెద్ద పట్టణముల ఆస్పత్రులలో ఇవి నేడు జరుగుచున్నవి.

రక్తస్రావము లేనంతమాత్రమున విచారణ ముగియదు. మెదడు రక్తనాళములు అక్కడక్కడ ముడుచుకొని, ఒకటి రెండు వారములపాటు పిడుగునొప్పిని మాటిమాటికి కలిగించు జబ్బు ఒకటి కలదు. సంయోగము, దగ్గు, ముక్కుట, కొందఱకు తలపై నీళ్లు పోసికొనుట గూడ దానిని రేపును. స్త్రీలలో ఎక్కువ, ప్రసవమైన కొన్ని వారములలో బాలింతలకును వచ్చును. జలుబునకై కొట్లలో కొను కొన్ని మాత్రలు, కొన్ని మనోవ్యాధి మందులు, గంజాయి దీనికి తోడ్పడును. సామాన్యముగా 3 నెలలలో నాళములు యథాస్థితికి వచ్చును. ఈలోగా కొందఱకు పక్షవాతమును కలుగవచ్చును గాన ఏమరుపాటు తగదు. మెడలోని ధమని లోపలిపొర చీలుటయు ఇట్లే నొప్పిగా కనబడవచ్చును. అందు మెడ ఒక ప్రక్కనే నొచ్చును.

50 సంవత్సరములు దాటినవారు మఱియొకటి గుర్తుంచుకొనవలెను. శ్రమించినపుడు వచ్చి, విశ్రమించినపుడు తగ్గు తలనొప్పి అరుదుగా గుండెజబ్బుయొక్క వేషము. ఛాతిలో నొప్పి లేకపోవచ్చును గూడ. ఇట్టివారికి గుండె పరీక్షయు అవసరము. రక్తపుపోటు 140కి 90 దాటియున్నదా యనునది ఎవరికైనను మొదట చూడవలసిన సంగతి.

సంతలో అమ్ము ‘శక్తి’ మందుల మాట చెప్పక విడువరాదు. 1998నుండి వాడుకలోనున్న సిల్డెనాఫిల్ అను మందునకు తలనొప్పియే మిక్కిలి సాధారణమైన దుష్ఫలము. వైద్యుడు తగినవారికి వ్రాసినచో అది మంచి మందే. కాని కొన్ని మూలికాచూర్ణములలోను, లేహ్యములలోను పేరు చెప్పకయే దీనిని కలుపుచున్నారు. తినువాడు ఆకుమందు తినుచున్నానని నమ్మును. గుండెనొప్పికై నాలుకక్రింద ఉంచుకొను నైట్రేటు మాత్ర వాడువాడు ఈ చూర్ణమును తినినచో రక్తపుపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణముమీదికి వచ్చును. తలనొప్పితో వచ్చినవానిని నేను మొదట అడుగు ప్రశ్నలలో ‘సంతమందు ఏదైన తింటివా?’ అనునది యొకటి. సత్యము చెప్పువారు తక్కువ. డబ్బీని సంచిలో వేసికొని రమ్మనిన మాత్రము తెత్తురు. నోటితో చెప్పుటకంటె అది సులభము కాబోలు!

స్కానులన్నియు బాగున్నవని తేలి, ఇది నిరపాయకరమైన నొప్పియే యని వైద్యుడు నిర్ణయించిన పిదప, చికిత్స చాల సులభము. మొద్దునొప్పి మెల్లగా హెచ్చు విధమున, నొప్పి మొదలగుచుండగనే ఆగినచో పలుమాఱు అది తగ్గిపోవును. శ్రమ తక్కువగునట్లు నడుచుకొనుటయు మేలు చేయును. కొన్ని వారముల విరామముతోనే పలువురికి నయమగును. నొప్పి విడువనివారికి ఇండోమెథాసిన్ అను మాత్రను అరగంట మొదలు గంట ముందు ఇత్తురు. తఱచుగా వచ్చువారికి ప్రొప్రనొలాల్ ప్రతిదినము ఇత్తురు. మొదటిది కడుపులో పుండున్నవారికిని, మూత్రపిండముల జబ్బు గలవారికిని తగదు. రెండవది ఉబ్బసము గలవారికి అపాయము. కావున ఒకరికి వ్రాసిన చీటీతో వేఱొకరు కొనరాదు.

భయమువలన దాంపత్యమునే విడిచి, మంచము వసారాలోనికి మార్చుకొన్నవారిని నేను చూచితిని. భార్యకు కారణము తెలియదు. తనపై మనసు విఱిగినదనుకొనును. పరీక్షలు చేయించుకొని నిరపాయమని తేలినవారికి ఇట్టి సన్యాసముతో పనిలేదు. భార్యాభర్తలను ఇద్దఱినొకచో కూర్చుండబెట్టి ఈ సంగతి చెప్పుట వైద్యుని ధర్మము. ఇద్దఱును కలసి రావలెనని చెప్పి పంపుట మీ చేతిలోని పని.

వైద్యునియొద్ద ఈ మాట ఎట్లు చెప్పవలెనని నన్ను పలువురడిగిరి. పెద్ద మాటలక్కఱలేదు. “భార్యతో నున్నపుడు వచ్చినది, ఇన్ని గంటలకు వచ్చినది, ఒక్కసారిగా వచ్చినది, లేక మెల్లగా వచ్చినది” అనిన చాలును. నోట పలుకలేనివారు చీటీపై వ్రాసి ఇయ్యవచ్చును. వ్రాయనేరనివారికి మీరు వ్రాసి ఇండు; చీటీలో పుట్టిన గంట మాత్రము మఱవకుడు.